టోటల్ లాస్ స్పోర్ట్స్ కారు బోర్డర్ దాటించి కొనడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉండేది ఓడిశాలోని రాయగడలో. 2021లో విశాఖ నుంచి ఒక పాత ఆడీ టీటీ కొన్నాను. ఎర్ర రంగు, రెండు తలుపులు, ఏపీ 31 నంబరు. అంతకుముందే యాక్సిడెంటయి, ఇన్సూరెన్స్ వాళ్ళు టోటల్ లాస్ కింద వదిలేసిన బండి. ఆ సంగతి తెలిసే కొన్నాను. తెలియనివి వేరే ఉన్నాయి. దానికి ఓడీ 18 నంబరు ప్లేటు పడేసరికి పదకొండు నెలలు పట్టింది. అప్పటినుంచి గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు మనవాళ్ళెవరికి ఇలాంటి బండి మీద కన్నుపడినా ముందు నాకే ఫోన్ వస్తోంది. అడిగేవి ఇంచుమించు ఇవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

మా బావమరిది అమెరికాలో "రీబిల్ట్ టైటిల్" కారు కొన్నాడు. మన దగ్గర కూడా అలాంటి టైటిల్ ఉంటుందా?

ఉండదు. తలనొప్పంతా అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో కారు ఎవరిదో చెప్పే కాగితాన్ని టైటిల్ అంటారు. దాన్ని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ అని తేల్చిన బండి టైటిల్ మీద "సాల్వేజ్" అని పడుతుంది. బాగుచేయించి, తనిఖీ చేయించుకుంటే అది "రీబిల్ట్"గా మారుతుంది. ఇక ఆ ముద్ర బండి బతికినంత కాలం ఉంటుంది. అక్కడా మోసాలున్నాయి. ముద్ర నిబంధనలు వదులుగా ఉన్న రాష్ట్రానికి బండిని తీసుకెళ్ళి, కొత్త టైటిల్ రాయించి, మచ్చ పోగొట్టేవాళ్ళు. దాన్ని టైటిల్ వాషింగ్ అంటారు. అందుకే 1992లో చట్టం చేసి, అన్ని రాష్ట్రాల టైటిళ్ళనూ కలిపి చూసే జాతీయ డేటాబేస్‌కి దారి వేశారు.

మన ఆర్‌సీ మీద అసలు అలాంటి గడే లేదు. యజమాని పేరు, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, రంగు, లోను ఉంటే ఆ బ్యాంకు పేరు ఉంటాయి. బండి ఒకసారి నుజ్జయి లేచిందన్న ముక్క ఎక్కడా కనపడదు. అక్కడివాళ్ళు మచ్చ కడగడానికి రాష్ట్రం దాటించాలి. ఇక్కడ కడగడానికి మచ్చే పడదు. కాబట్టి ఆ రీబిల్ట్ ముద్రేదో మన ఫైల్లో మనమే తయారుచేసుకోవాలి. కింద రాసినదంతా దాని గురించే.

టోటల్ లాస్ అంటే బండి తుక్కయిపోయినట్టేనా?

అలా ఏం లేదు. అది లెక్కల మాట. పాలసీలో బండికి ఒక విలువ కడతారు, ఐడీవీ అంటారు. కొత్త ధర మీద ఏటా తరుగు తీస్తూ పోతారు: రెండేళ్ళు దాటి మూడేళ్ళలోపు 30 శాతం, నాలుగు దాటి అయిదేళ్ళలోపు 50 శాతం. అయిదేళ్ళు దాటితే కంపెనీ, యజమాని మాట్లాడుకుని వేసుకుంటారు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ అంటారు.

ఉదాహరణకి ఐడీవీ 12 లక్షలు అనుకోండి. గీత 9 లక్షల దగ్గర పడుతుంది. షోరూం సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్‌లో అన్నీ కొత్త పార్టులే. రెండు ఎయిర్‌బ్యాగులు, డ్యాష్‌బోర్డు, సీటుబెల్టులు, రెండు హెడ్‌లైట్లు, బంపరు, రేడియేటర్లు వేసేసరికే స్పోర్ట్స్ కారుకి ఆ గీత దాటిపోతుంది, చాసిస్‌కి దెబ్బ తగలకపోయినా సరే. అదే బండిని ఇన్సూరెన్స్ వాళ్ళు పెట్టే వేలంలో కొన్నవాడు ఢిల్లీ నుంచి పాత పార్టులు తెప్పించి అందులో సగం ఖర్చుతో లేపుతాడు.

ఇంకో రకం కూడా టోటల్ లాసే. పల్టీ కొట్టి పిల్లర్లు వంగినది, ఇంజిన్ వెనక్కి జరిగినది, మూడు రోజులు నీళ్ళలో నానినది. రెండూ రోడ్డు మీద ఒకేలా మెరుస్తాయి. మొదటి రకం ధర నచ్చితే కొనండి. రెండో రకం ఎంత తక్కువకి ఇచ్చినా నేను ముట్టుకోను.

మరి ఏ రకమో తెలుసుకునేదెలా?

మూడు కాగితాలు అడగండి. ఒకటి, సర్వీస్ సెంటర్ వేసిన మొదటి ఎస్టిమేట్. రెండు, ఇన్సూరెన్స్ సర్వేయర్ తీసిన ఫోటోలు, అంటే దెబ్బ తగిలిన రోజున బండి ఎలా ఉందో. మూడు, వేలంలో కొన్న కాగితాలు. సాల్వేజ్ కొని బాగుచేసి అమ్మేవాడి ఫోన్లో ఆ ఫోటోలు కచ్చితంగా ఉంటాయి. వాటిని చూసే కదా అతను వేలం పాడాడు! "లేవు సార్, ఫోన్ పోయింది" అంటే మీరూ టీ తాగి వచ్చేయండి.

ఇంకో దారి, ఆ బ్రాండు సర్వీస్ సెంటర్‌లో చాసిస్ నంబరు మీద పాత సర్వీస్ రికార్డు ఉంటుంది. బయటివాళ్ళకి ఊరికే ఇవ్వరు. ఆర్‌సీలో పేరున్న ఓనరు అడిగితే ఇస్తారు. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే ఓనర్నే వెంటబెట్టుకుని వెళ్ళండి. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర కూడా పాత పాలసీ ఉన్న కంపెనీని ఓనరు చేత మెయిల్ పెట్టించి అడిగించాలి.

"ఆర్‌సీ క్యాన్సిల్ అయింది, అయినా మేనేజ్ చేద్దాం" అని అమ్మేవాడు అంటున్నాడు.

చేయకండి. బండి ఇక పనికిరాదని తేలితే ఓనరు 14 రోజుల్లో ఆ సంగతి రవాణా శాఖకి చెప్పాలనీ, ఆ రిజిస్ట్రేషన్ రద్దవుతుందనీ మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. అలా రద్దయిన బండి పార్టులకే పనికొస్తుంది. "మేనేజ్" అంటే ఏంటో కింది ప్రశ్నలో ఉంది.

టోటల్ లాస్ బండి పేరుతో దొంగ బండి అంటగడతారని విన్నాను, నిజమేనా?

నిజమే. ఈ వ్యాపారంలో నాకు అన్నిటికంటే భయమైనది ఇదే. నుజ్జయిన బండిని వేలంలో కొంటారు. కొనేది ఇనుము కోసం కాదు, కాగితాల కోసం. అదే మోడల్, అదే రంగు బండి ఇంకో ఊళ్ళో మాయమవుతుంది. దాని చాసిస్ నంబరున్న ముక్క కోసేసి నుజ్జయిన బండి ముక్క అతికిస్తారు, లేదా పాత అంకెలు అరగదీసి కొత్తవి కొడతారు. ఇప్పుడు కాగితాలు సక్రమం, బండి దొంగది. రాష్ట్రం దాటిపోతే వెతికేవాడూ ఉండడు. బోర్డర్ జిల్లాలు ఇలాంటివాళ్ళకి అందుకే ముద్దు.

చాసిస్ నంబరు 17 అక్షరాలు. అది ఒక్కచోటే ఉండదు. బాడీ మీద కొట్టిన నంబరు, తలుపు పిల్లర్ మీద స్టిక్కరు, కొన్ని కార్లలో ముందు అద్దం కింద కనపడే ప్లేటు, చివరికి బండి కంప్యూటర్ లోపల దాచుకున్న నంబరు. స్కానర్ ఉన్న మెకానిక్కి ఆఖరిది చదవడం అయిదు నిమిషాల పని. నాలుగూ ఆర్‌సీతో కలవాలి. బాడీ మీద అంకెల చుట్టూ వెల్డింగ్ గీత, గ్రైండర్ గరుకు, పక్కదానికంటే కొత్తగా కనపడే పెయింటు ఏది ఉన్నా వద్దనేయండి.

మాకు ఎన్‌వోసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి మారడానికి అభ్యంతరం లేదని పాత ఆర్‌టీవో ఇచ్చే కాగితం కోసం చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీయాల్సి వచ్చింది. నంబరున్న చోట గ్రీజు, దుమ్ము పేరుకుని అసలు ఏమీ కనపడలేదు. మెకానిక్ కుర్రాడు కిరోసిన్ గుడ్డతో తుడిచి, పల్చటి తెల్ల కాగితం ఒత్తిపెట్టి, పెన్సిల్ మొనని పడుకోబెట్టి మెల్లగా రుద్దాడు. నల్లటి మసక మధ్యలో ఒక్కొక్క అక్షరం తెల్లగా తేలుతోంది. అన్ని అక్షరాలూ ఒకే లోతు, ఒకే ఎడం. కొనేముందే ఈ ప్రింటు మీ చేత్తో మీరు తీసుకోండి. కంటికి కనపడని తేడా కాగితం మీద దొరుకుతుంది.

దీంతోపాటు జాతీయ నేర నమోదు సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ సైట్‌లో చాసిస్, ఇంజిన్ నంబర్లు కొడితే ఆ బండి మీద దొంగతనం కేసు ఉందో లేదో వస్తుంది. ఆ కాగితం ప్రింటు తీసి పెట్టుకోండి.

వరదలో మునిగిన బండిని ఎలా కనిపెట్టాలి?

మన చుట్టుపక్కల ఈ ప్రశ్న ఎప్పుడూ పాతబడదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2023 డిసెంబరులో మిచౌంగ్‌తో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. ప్రతిదాని తర్వాతా కొన్ని నెలలకి కడిగి తుడిచిన బండ్లు దూరపు ఊళ్ళలో అమ్మకానికి వస్తాయి.

టీటీ కంటే ముందు గాజువాకలో ఒక షెడ్డులో నీలం రంగు బీఎండబ్ల్యూ జెడ్ ఫోర్ చూశాను. సీట్లకి పాలిష్ కొట్టి, లోపల అగరుబత్తి వెలిగించి ఉంచారు. అగరుబత్తి చూడగానే మా మావయ్యకి అనుమానం వచ్చింది. డ్రైవర్ సీటుబెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. మొదటి రెండు మూరలు శుభ్రంగా ఉంది. ఇంకా లాగితే రంగు మారింది. ఆఖరి జానెడు మీద ఎండిన బురద గీత, వేలితో గీకితే సన్నటి మట్టి రాలింది. సీట్లు కడుగుతారు, కార్పెట్లు మారుస్తారు, రీల్లో చుట్టుకుని ఉండే బెల్టు చివర మాత్రం ఎవరికీ గుర్తుండదు. షెడ్డువాడు "ఓనరు బీచ్‌కి ఎక్కువ వెళ్ళేవాడండీ" అన్నాడు.

సీటు కింద పట్టాల బోల్టులకి తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి, హెడ్‌లైటు లోపల చెమ్మ, కార్పెట్ కింది స్పంజి వాసన కూడా చూడండి. నీళ్ళలో ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంటే లోపల కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. అది అప్పటికప్పుడు తెలియకపోవచ్చు.

యాక్సిడెంట్ రిపేరు బాగా చేశారో లేదో?

ముందు ఎయిర్‌బ్యాగ్. తాళం తిప్పగానే మీటరులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. ఆరకపోతే తప్పు ఉందని అందరికీ తెలుసు. అసలు వెలగకపోతే అది ఇంకా పెద్ద తప్పు, లైటే పీకేశారన్నమాట. కొందరు ఎయిర్‌బ్యాగ్ బదులు చిన్న రెసిస్టరు పెట్టి బండి కంప్యూటర్‌ని నమ్మిస్తారు. అప్పుడు స్కానరుకి కూడా దొరకదు. ఎయిర్‌బ్యాగుల బిల్లు చూపించమనండి, లేదంటే ట్రిమ్ విప్పించి కళ్ళతో చూడండి. గుద్దినప్పుడు సీటుబెల్టు బిగించే భాగం కూడా ఒకసారే పనిచేస్తుంది. అదీ మార్చాల్సిందే.

తర్వాత బోల్టులు. ఫెండరు, బానెట్ బోల్టుల తలల మీద పెయింటు చెదిరి ఉంటే పానా పడినట్టు. పడితే పడింది, తప్పు కాదు. ఎక్కడెక్కడ పడిందో ఎస్టిమేట్‌తో సరిపోవాలి.

పెయింటు మందం కొలిచే మీటరు తీసుకెళ్ళండి. కంపెనీ పెయింటు మామూలుగా 100, 150 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. 500 దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. నేను బోర్లా పడింది ఇక్కడే. రెండో తరం టీటీ బాడీ ముందు భాగమంతా దాదాపు అల్యూమినియం, వెనక స్టీలు. నా దగ్గరున్నది ఇనుము మీద మాత్రమే పనిచేసే చవక మీటరు. ముందు ఫెండరు మీద అంకె రాకపోతే బ్యాటరీ అయిపోయిందనుకున్నాను! మొదటి వేసవి ఎండలకి అదే ఫెండరు మీద పెయింటు సాలెగూడులా పగిలింది, లోపల వేలు మందం పుట్టీ. అల్యూమినియాన్ని స్టీలులా సుత్తితో కొట్టి లాగితే రాదు. వెల్డింగూ వేరు, పనిముట్లూ వేరు. స్టీలు రివెట్లు కొడితే రెండు లోహాలూ కలిసిన చోట అల్యూమినియం తినేస్తుంది కూడా. మీరు చూస్తున్న బండి బాడీ ఏ లోహమో ముందు తెలుసుకుని వెళ్ళండి.

చివరగా వీల్ అలైన్‌మెంట్ కొట్టించి కాగితం తీసుకోండి. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ క్యాంబర్, క్యాస్టర్ (చక్రం ఒరిగే కోణాలు) అంకెలు బాగా తేడాగా ఉండి, సర్దినా దారికి రాకపోతే కింద ఏదో వంగే ఉంది.

ఢిల్లీ బండ్లు చవక కదా, అక్కడినుంచి తెచ్చుకుంటే?

చవకే. ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్ బండికి పదేళ్ళు, పెట్రోలు బండికి పదిహేనేళ్ళు అని 2015లో గ్రీన్ ట్రైబ్యునల్ గీత గీసింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025లో కోర్టే దాన్ని కొంత సడలించింది. గడువు దగ్గరపడే కొద్దీ ధర పడుతుంది. కానీ మన దగ్గరా ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకే. పదమూడేళ్ళ బండి తెస్తే చేతిలో మిగిలేది రెండేళ్ళు. ఆపైన రెన్యువల్, ఫిట్‌నెస్. 2022 ఏప్రిల్ నుంచి రెన్యువల్ ఫీజు మామూలు కారుకి 5,000, దిగుమతి అయిన కారుకి 40,000. చాలా స్పోర్ట్స్ కార్లు విదేశాల్లో తయారై దిగినవే కాబట్టి ఆర్‌సీలో "ఇంపోర్టెడ్" అని ఉందేమో చూసి లెక్కేసుకోండి.

ఆంధ్రా నంబరు ఓడిశా నంబరు కావాలంటే వరస ఏంటి?

ముందు పాత ఆర్‌టీవో ఆఫీసు నుంచి ఎన్‌వోసీ. దానికి ఫారం 28, చాసిస్ పెన్సిల్ ప్రింటుతో. లోను ఉంటే తీరినట్టు ఫారం 35, బ్యాంకు లెటరు. అమ్మేవాడు, కొనేవాడు సంతకాలు చేసే ఫారం 29, ఫారం 30. మనవైపు వచ్చాక కొత్త నంబరుకి ఫారం 27. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ నడుస్తూ ఉండాలి, చలాన్లు బాకీ ఉండకూడదు. మన ఆర్‌టీవోలో ట్యాక్స్ కట్టి, ఇన్‌స్పెక్టరుకి బండి చూపిస్తే నంబరు వస్తుంది, తర్వాత హై సెక్యూరిటీ ప్లేటు. బండి చేతులు మారిన 30 రోజుల్లో కొన్నవాళ్ళు తమ ఆర్‌టీవోకి తెలపాలని చట్టం.

రాస్తే ఇంతే. నాకు పదకొండు నెలలు ఎందుకు పట్టిందంటే, ఆర్‌సీలో మొదటి ఓనరు లోను అలాగే ఉండిపోయింది. అప్పు ఎప్పుడో తీరిపోయింది, పేరు మాత్రం తీయించలేదు. ఈలోగా ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది, ఆ బ్రాంచి మూతపడింది. తీరిపోయిన అప్పుకి లెటరు ఎవరివ్వాలో తేల్చడానికే ఏడు నెలలు. నాకు అమ్మిన బ్రోకరు మొదట్లో "రెండు రోజుల పని సార్" అన్నవాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. డబ్బంతా ఇచ్చేశాక ఎందుకు ఎత్తుతాడు?

ఆర్‌సీ వివరాలు కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్లో ముందే చూసుకోవచ్చు. తెలంగాణ మాత్రం చాలాకాలం సొంత సిస్టమ్ వాడింది, ఆ నంబర్లకి ఆ రాష్ట్ర రవాణా శాఖ సైటు కూడా చూడండి.

ఆధార్ పాతపట్నంలో ఉంది, ఉండేది పర్లాకిమిడిలో. ఏ అడ్రసు పెట్టాలి?

బండి ఎక్కడ ఉంచుతారో అక్కడిది. రెండు ఊళ్ళూ పక్కపక్కనే అయినా నంబరు ఓడీ 20 కావాలంటే గజపతి జిల్లా అడ్రసుకి రుజువు చూపాలి. ఆధార్ మార్చుకోవడమే సుఖం.

ఏపీ నంబరుతోనే తిప్పుకుంటే ఏమవుతుంది? మా వీధిలో సగం బండ్లు అలాంటివే.

మా వీధిలో కూడా. వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలని చట్టంలో 47వ సెక్షన్. పండక్కి వచ్చిపోయేవాళ్ళని ఎవరూ ఏమీ అనరు. ఎర్ర స్పోర్ట్స్ కారు మాత్రం చెక్‌పోస్టులో వాళ్ళకి వారం రోజుల్లోనే గుర్తుండిపోతుంది. చలాను సంగతి అటుంచి, నంబరు మార్చకపోవడం అంటే చాలాసార్లు పేరు కూడా మార్చకపోవడమే. అది అమ్మినవాళ్ళకి ప్రమాదం. ఆర్‌సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ నష్టపరిహారానికి వాళ్ళే బాధ్యులని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి ఓనరైతే పేరు మార్చమని వాళ్ళే వెంటపడతారు.

ట్యాక్స్ రెండుసార్లు కట్టాలా?

ఇక్కడ మిగిలిన వయసుకి తగ్గట్టు కట్టాలి. అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన దానికి రీఫండ్ అడగొచ్చు, నిబంధనలు రాష్ట్రానికో రకం. రీఫండ్ వస్తే ఎవరిదో అమ్మేవాళ్ళతో ముందే కాగితం మీద రాసుకోండి. బండి ధర మాట్లాడే రోజునే వాహన్ పోర్టల్లో ట్యాక్స్ ఎంతో చూడండి, లేకపోతే చవక అనుకున్నది కాస్తా చవక కాదు.

బీహెచ్ నంబరు (రాష్ట్రం మారినా మార్చక్కర్లేని భారత్ సిరీస్) వేయించుకుంటే గొడవ ఉండదుగా?

మీరు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి అయినా, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నా అడగొచ్చు. కిరాణా కొట్టున్న నాలాంటివాళ్ళకి కాదు.

టోటల్ లాస్ అయిన బండికి మళ్ళీ ఇన్సూరెన్స్ ఇస్తారా?

థర్డ్ పార్టీ దొరుకుతుంది, అది లేకుండా రోడ్డెక్కకూడదు కూడా. మన బండికి జరిగే నష్టానికి కవరు ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. బండి చూసి ఫోటోలు తీసుకుంటారు. పాత సంగతి దాచకండి. ఇప్పుడు దాస్తే క్లెయిమ్ రోజున అదే కారణం చూపించి తోసేస్తారు. నేను ఎస్టిమేట్ కాపీ, రిపేరు బిల్లులు పెట్టి అడిగితే ఇద్దరు కాదన్నారు, మూడో కంపెనీ తక్కువ ఐడీవీతో ఇచ్చింది.

బండి కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరుకి మార్చమని అడగాలి. థర్డ్ పార్టీ వరకు పాలసీ బండితో పాటే మీకు వస్తుంది, సొంత నష్టం భాగం అలా రాదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, ఆయనదే, బండిది కాదు.

సైలెన్సర్ మార్చి, రంగు మార్చి...?

రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. కంపెనీ ఇచ్చిన కొలతల నుంచి బండిని మార్చకూడదని 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఓనరే మార్పిస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. ఇన్‌స్పెక్టరుకి చూపించే రోజు రెండు వీధుల అవతలినుంచే వినపడే బండితో వెళ్ళకండి.

బ్రోకరుకి డబ్బు ఎలా ఇవ్వాలి?

బ్యాంకు ద్వారా, ఆర్‌సీలో ఉన్న పేరుకి. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడమే చట్టవిరుద్ధం. బ్రోకరు ఖాతాకి పంపమంటే, అతను రిజిస్టర్డ్ డీలరేనా అడగండి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లకి రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి, బండి తన దగ్గరికి వచ్చినట్టు పోర్టల్లో తెలపాలి. అవి ఉంటే బాధ్యత అతనిది. లేకపోతే అతను మధ్యలో నిలబడ్డ మనిషి, అంతే. ధరలో పాతిక శాతం ఎన్‌వోసీ చేతికొచ్చేదాకా ఆపుకోండి. నేను ఆపలేదు.

మా అబ్బాయి అమెరికా నుంచి రీబిల్ట్ మస్టాంగ్ పంపిస్తానంటున్నాడు. నేరుగా తెప్పించుకోవచ్చా?

వద్దని చెప్పండి, పాపం. పాత కారు దిగుమతికి బండి తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, మీటరు కిలోమీటర్లలో ఉండాలి, ఇంకా అయిదేళ్ళు రోడ్డు మీద తిరిగే దమ్ముందని రుజువుండాలి, దిగాల్సింది ముంబై రేవులోనే. అమెరికా మస్టాంగ్ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, కథ అక్కడే ఆగిపోతుంది. ఆగకపోయినా సుంకం కారు ధరని దాటిపోతుంది. మస్టాంగే కావాలంటే 2016 నుంచి ఇక్కడ అధికారికంగా అమ్మిన కుడి స్టీరింగ్ బండ్లు వెతకండి.

పక్క దేశం నుంచి సుంకం లేకుండా తెచ్చి మారుమూల ఆర్‌టీవోలో నంబరు వేయించిన బండ్లు కూడా సంతలో తిరుగుతుంటాయి. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్ళు "ఆపరేషన్ నుమ్‌ఖోర్" పేరుతో పట్టుకున్నవి భూటాన్ నుంచి వచ్చాయని చెప్పిన బండ్లే. రెండో, మూడో చేతిలో కొన్నవాళ్ళ దగ్గర కూడా బండి పట్టుకుపోయారు. దిగుమతి బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి చేసినప్పటి కస్టమ్స్ కాగితం) కాపీ లేకుండా కొనకండి.

ఇంతా చేసి, మన రోడ్ల మీద తిరుగుతుందా?

బరంపురం వాళ్ళు అదృష్టవంతులు, ఇచ్ఛాపురం దాకా హైవేనే. జయపురం వాళ్ళకి సాలూరు ఘాట్, మెల్లగా దిగితే బాగుంటుంది. పార్వతీపురం దాటి కూనేరు మీదుగా రాయగడ రావడం మాత్రం లారీల వెనక గోతులు లెక్కపెట్టుకుంటూ రావడమే. బండి తెచ్చిన మొదటి రోజు మా మజ్జిగౌరమ్మ గుడి దగ్గర టైర్ల కింద నిమ్మకాయలు పెడితే, వాటి మీదికి ఎక్కేటప్పుడు కూడా ముందు బంపరు కింద తగులుతుందేమోనని పూజారిగారు పక్కకి జరిగారు. పార్టులు విశాఖలో ఆర్డరిస్తే వారం, ఢిల్లీ నుంచైతే ఇంకా ఎక్కువ. టైరు పగిలితే ఆ సైజు రాయగడలో దొరకదు, ఒకటి ముందే కొని ఇంట్లో పెట్టుకోండి.

ఎంత తక్కువకి కొంటే గిట్టుబాటు?

దెబ్బ తినని అదే మోడల్, అదే ఏడు బండి ధరలో సగం పైన అయితే నేను కదలను. ఇది నా లెక్క, శాస్త్రం కాదు. అమ్మేటప్పుడు మీకూ అంతే తక్కువ వస్తుంది కాబట్టి కొనేటప్పుడే ఆ తగ్గుదల మీ జేబులో పడాలి. ట్యాక్స్, ఎన్‌వోసీ తిరుగుళ్ళు, మొదటి ఏడాది బయటపడే రిపేర్లు ఆ సగంలోంచే పోతాయి.

మీ టీటీ అమ్ముతారా?

అడిగినవాళ్ళకి ఎస్టిమేట్ కాపీ, దెబ్బ తగిలిన రోజు ఫోటోలు, ఫెండరు పుట్టీ తీసి మళ్ళీ చేయించిన బిల్లు అన్నీ వాట్సాప్‌లో పెడుతున్నాను. ఇప్పటికి నలుగురికి పెట్టాను. ముగ్గురు ఫోటోలు చూశాక మళ్ళీ ఫోన్ చేయలేదు. నాలుగో ఆయన గుణుపురం నుంచి, "ఇవన్నీ నాకు చూపించారు సరే, నేను అమ్మేటప్పుడు చూపించక్కర్లేదు కదా?" అని అడిగారు. ఆయనకి అమ్మలేదు.